ఇటుకలకు దుప్పటి

సెప్టెంబర్ 7, ఆదివారం

కొత్త ఇంటికి కొత్త డైరీ. కొత్త ఇల్లంటే 1893లో కట్టిన ఇల్లు.

టెలికాం ఇంజినీరుగా నా ఉద్యోగమంతా కనాటా అనే శివారు పట్టణంలోనే గడిచింది. గోడలకు ప్లాస్టిక్ రేకులు తొడిగిన ఇల్లు. ముందు గరాజ్, దాని వెనక మనుషులు. కార్లు కాపురం ఉంటే మేము వాటి దగ్గర అద్దెకున్నట్టుండేది. రిటైరయ్యాక ఒకటే కోరిక మిగిలింది. నిజమైన ఇల్లు.

దొరికింది. కనాటాకి అరగంట దూరంలో, నది ఒడ్డున చిన్న ఊరు. ఏ గోడా పక్కింటిని తాకకుండా విడిగా నిలబడ్డ ఎర్ర ఇటుకల మేడ. ముందుకు పొడుచుకొచ్చిన బే విండో. కిటికీల మీద పసుపు ఇటుకల వంపులు. నిటారుగా లేచిన కప్పు, దాని అంచున లేసు కుట్టినట్టు చెక్కిన చెక్క. ఎవరో ఉన్ని మిల్లు మేనేజరు కట్టించుకున్నాడట. తలుపు తీసి లోపలికి అడుగు పెడితే మనకే కొంచెం హోదా పెరిగినట్టుంటుంది.

తీర్మానం: ఈ ఇంట్లో నకిలీ వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు. మేనేజరు చూసిన ఇల్లే మళ్ళీ కనపడాలి.

పక్కింటి హెలెన్ ఈ ఊరి పాత ఇళ్ళ సంఘానికి అధ్యక్షురాలు. మే నెలాఖరులో ఒక రోజు ఊళ్ళో మంచి ఇళ్ళు జనానికి తెరిచి చూపిస్తారట. "మీదీ పెట్టమంటారా?" అని అడిగింది. ఆవిడ మాట పూర్తి కాకముందే పెట్టమన్నాను.

తీర్మానం సుందరికి చదివి వినిపించాను. మా ఆవిడ పూర్తి పేరు బాలత్రిపురసుందరి. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైంది. కాబట్టి ఏదీ ఊరికే నమ్మదు.

"బాగుంది. కింద బాత్రూం ఎప్పుడు కట్టిస్తారు?" అంది.

బాత్రూం పైన ఉంది. సుందరికి కుడి మోకాలు నొప్పి. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ 1893లో కింద బాత్రూం లేదు.

"ఆ రోజుల్లో మేనేజరు భార్య కూడా పైకెక్కే ఉంటుంది కదా" అన్నాను.

"ఆవిడకి పనిమనిషి ఉంది" అంది సుందరి.

సెప్టెంబర్ 8, సోమవారం

ఉత్సాహంగా మొదలు. మైక్రోవేవ్ బేస్‌మెంట్‌లోకి. ప్లాస్టిక్ డబ్బాలు, రైస్ కుక్కర్ సామాను గదిలోకి. ఇది వంటింటికీ భోజనాల గదికీ మధ్య, గోడ నిండా అలమరలతో ఉన్న చిన్న గది. టీవీకి దుప్పటి.

ఈ ఇల్లు కట్టినవాళ్ళ తెలివికి ముచ్చటేసింది. ముందు గోడకి నున్నటి ఖరీదైన ఇటుక. పక్కకి తిరిగితే మామూలు ఇటుక. వెనక, వంటిల్లు ఉన్న చోట, వంకరటింకర ఇటుక. అతిథులు కూర్చునే గదిలో గోడల అడుగున మోకాలెత్తు చెక్క పట్టీ. వంటింట్లో జానెడు. ఎవరికి ఎంత మర్యాదో గోడలే చెబుతాయి.

ఇదంతా సుందరికి వివరిస్తుంటే వంటింట్లోంచి అడిగింది. "మిక్సీ సంగతేంటి?"

"అది వెనక ఉంటుంది. ఎవరికీ కనపడదు."

"మరి నేను?"

"నువ్వూ వెనకే కదా" అన్నాను సరదాకి.

నవ్వలేదు.

సెప్టెంబర్ 20, శనివారం

కిటికీల పని అయింది. పాతవాళ్ళు సందుల్లో కూరిన స్పాంజి, అద్దాలకు అంటించిన ప్లాస్టిక్ పొర, అన్నీ పీకేశాను. వంటింటి వెనక గోడకి అట్టలు కొట్టి లోపల చలి ఆగడానికి గులాబీ రంగు దూది కుక్కారు. అది కూడా లాగేశాను. అసలు ఇటుక బయటపడింది. ఇల్లు ఇన్నాళ్ళకి ఊపిరి పీల్చుకుంటోంది.

"ఊపిరి నాకు తగుల్తోందండీ" అంది సుందరి, శాలువా కప్పుకుంటూ.

ఒక శుభసూచన. మెట్ల మలుపు దగ్గర రంగుటద్దాల కిటికీ ఉంది. సుందరి పైకి వెళ్ళేటప్పుడల్లా అక్కడ ఆగి కాసేపు నిలబడుతోంది. నెమ్మదిగా ఆమెకీ అభిరుచి కలుగుతోంది.

అక్టోబర్ 4, శనివారం

ఇవాళ్టి విజయం పెద్దది. ముందు గదికీ భోజనాల గదికీ మధ్య రెండు పెద్ద జారుడు తలుపులున్నాయి. వాటి మీద ఎవరో మట్టి రంగు పెయింటు కొట్టి, గీతలు గీసి పాడుచేశారు. రంగు వదిలించే మందు పూసి, గీకి, మళ్ళీ పూసి, మళ్ళీ గీకాను. వారం పట్టింది. భుజం పోయింది. కింద అసలు చెక్క కనబడింది. లేత రంగు, అక్కడక్కడా ముడులు. నిజం ఎప్పుడూ ఇంత అమాయకంగానే ఉంటుంది.

ఫోటోలు తీసి కనాటాలో వీరభద్రానికి పంపాను. మేమిద్దరం ఒకే ఆఫీసులో పక్కపక్కన పనిచేశాం. పదో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. "తలుపులు మస్తున్నయి. బాత్రూం ఏమైంది?" అని మెసేజ్ పెట్టాడు. వాళ్ళావిడ సూర్యకుమారితో సుందరి మాట్లాడుతోందని అర్థమైంది.

అక్టోబర్ 13, సోమవారం, థాంక్స్‌గివింగ్

హెలెన్‌ని టీకి పిలిచాను. సుందరి పులిహోర చేసింది. తలుపుల దగ్గరికి తీసుకెళ్ళి, తెర తొలగించినట్టు రెండింటినీ జరిపి చూపించాను.

హెలెన్ తలుపు దగ్గరగా వంగింది. తర్వాత వేలితో ముడి మీద రాసి, "పైనున్న రంగు ఏది?" అని అడిగింది.

తీసేశానని గర్వంగా చెప్పాను.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. నెమ్మదిగానే చెప్పింది. ఆ రోజుల్లో ఇక్కడ ఓక్ చెక్క ఖరీదు. పైన్ చవక. అందుకని పైన్ తలుపు చేయించి, దాని మీద రంగు వేసి, తడి ఆరకముందే దువ్వెనతోనూ ఈకతోనూ గీతలు తీసి, ఓక్‌లా కనపడేలా చేసేవారట. దానికి ప్రత్యేకంగా పనివాళ్ళుండేవారు. ఆ పెయింటే అసలు.

"ఈ ఊళ్ళో అలాంటి తలుపులు మూడు ఇళ్ళలో మిగిలాయి" అంది. తలుపు వంక మళ్ళీ చూసి, "రెండు" అంది.

సుందరి ఆవిడకి ఇంకొంచెం పులిహోర వడ్డించింది. ఆవిడ తింది. నేను తినలేకపోయాను.

అక్టోబర్ 14, మంగళవారం

సరే, తలుపులు పోయాయి. కానీ ఫైర్‌ప్లేస్ చుట్టూ పాలరాయి ఉంది. నల్లటి రాయి, బంగారు రంగు చారలు. ఇటలీ నుంచి తెప్పించి ఉంటారని ఇప్పటికే చాలామందికి చెప్పాను.

సుందరి నిమ్మకాయ చెక్క పట్టుకొచ్చింది. ఎవరికీ కనపడని మూల ఒక చుక్క పిండి, కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది.

"పాలరాయి అయితే నురగ రావాలండీ."

రాలేదు. ఆ మూలే గోటితో గీకింది. బంగారు చార లేచొచ్చింది. కింద మామూలు పలక రాయి. మనం చిన్నప్పుడు బళ్ళో అ ఆలు దిద్దుకున్న రాయి.

"వీళ్ళు కూడా మనలాంటి వాళ్ళే" అంది సుందరి. ఆమె గొంతులో తేలిక చూసి నాకు కోపం వచ్చింది.

సాయంత్రమంతా ఆలోచించాను. తీర్మానంలో లోపం లేదు, వివరణ చాల్లేదు, అంతే. మేనేజరు కళ్ళారా చూసిన నకిలీ అసలైనదే. తర్వాత వచ్చిన నకిలీ మాత్రమే నకిలీ. తీర్మానం సవరించాను: ఈ ఇంట్లో 1893 నాటి నకిలీ తప్ప మరో నకిలీ ఉండకూడదు.

నవంబర్ 8, శనివారం

లోపలి చెక్క నన్ను మోసం చేసినా ఇటుక చేయదు. పాత ఇటుక మెత్తన. దానికి డంగు సున్నం లాంటిదే సరిపడుతుంది. మధ్యలో ఎవరో బే విండో కింద సందుల్లో సిమెంటు నింపారు. సిమెంటు తడిని బయటికి పోనివ్వదు. ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతోంది. నెల రోజులుగా ఆ సిమెంటు చెక్కి తీశాను. ఇవాళ సున్నం, ఇసుక కలిపి నింపాను.

హెలెన్ కంచె అవతల నుంచి, "వసంతం దాకా ఆగకూడదా? సున్నం ఆరకముందే చలికి గడ్డకడితే పనికిరాదు" అంది.

ఆవిడ మాట నిజమే. కానీ మే నెల దగ్గర పడుతోంది. అదీగాక ఇంజినీరుకి వాతావరణం ఒక సమస్య మాత్రమే.

నవంబర్ 10, సోమవారం

మంచు మొదలైంది. రేడియోలో మైనస్ ఎనిమిది అంటున్నారు. గోడలో సున్నం ఇంకా పచ్చిగా ఉంది. పైకెళ్ళి మందంగా ఉన్న దుప్పట్లన్నీ తెచ్చాను. మా మంచం మీద బొంత కూడా. గోడకి కప్పి, తాళ్ళతో కట్టి, చెక్కలు ఆనించాను. చీకటి పడేలోపు రెండుసార్లు వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. లోపల వెచ్చగా ఉంది.

నవంబర్ 11, మంగళవారం

పొద్దున సుందరి కోటు వేసుకుని హాల్లో కూర్చుని ఉంది. కోటు మీద ఎర్ర పాపీ పువ్వు. ఇవాళ యుద్ధాల్లో పోయినవాళ్ళని తల్చుకునే రోజు కాబట్టి ఊరి సైనికుల స్మారకం దగ్గరికి బయల్దేరిందనుకున్నాను. పక్కన సూట్‌కేసు ఉంది.

"రాత్రి దుప్పటి కోసం వెతికానండీ. లేదు. కిటికీలోంచి చూస్తే గోడ కప్పుకుని ఉంది."

"ఒక్క నాలుగు రోజులు. సున్నం గట్టిపడగానే..."

"గట్టిపడనివ్వండి. ఇటుకలకి జలుబు చేస్తుందని దుప్పటి కప్పారు. బాగానే ఉంది. నా మోకాలు బిగిసిపోయి పొద్దున్న మంచం దిగలేకపోయాను. పిలిచాను కూడా. మీరు బయట ఉన్నారు."

బయట గోడ తడిమి చూస్తున్నాను. ఆ మాట చెప్పలేదు.

వీరభద్రం కారు వచ్చింది. సుందరి ముందు మెట్లు ఒక్కొక్కటే దిగింది. వీరభద్రం గోడ వంక చూశాడు, నా వంక చూశాడు, సూట్‌కేసు డిక్కీలో పెట్టాడు.

"మా ఇంట్ల దుప్పట్లు బాగనే ఉన్నయి సార్" అన్నాడు.

నవంబర్ 16, ఆదివారం

సుందరి ఇంకో నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. మార్పు మంచిది. ఒక్కణ్నే ఉంటే పని వేగంగా సాగుతుంది. ఇవాళ పెద్దగా ఏమీ సాగలేదు, చేతులు కొంకర్లు పోయాయి.

హాలిఫాక్స్ నుంచి మా అమ్మాయి ధరణి ఫోన్ చేసింది. అక్కడ హాస్పిటల్లో డాక్టరు. నేను తెలుగులో మాట్లాడితే తను ఇంగ్లీషులో జవాబిస్తుంది.

"నాన్నా, అమ్మ ఈజ్ లివింగ్ ఇన్ సంబడీ ఎల్సెస్ హౌస్ బికాజ్ ఆఫ్ బ్రిక్స్?"

ఇటుకల వల్ల కాదమ్మా, సున్నం వల్ల అని చెప్పాను.

"షి హాజ్ అ సర్జరీ డేట్. ఫిబ్రవరి. డిడ్ షి టెల్ యూ?"

చెప్పలేదు. చెప్పిందేమో. అక్టోబర్లో ఏదో అంటుండగా నేను తలుపు గీకుతున్నాను.

డిసెంబర్ 13, శనివారం

చలి గురించి రాయకూడదనుకున్నాను. కానీ బేస్‌మెంట్‌లో హీటింగ్ రాత్రీపగలూ నడుస్తున్నా వంటింట్లో మంచినీళ్ళ గ్లాసు మీద మంచు పొర కడితే రాయకుండా ఎలా?

ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు పెట్టి చూశాను. బొగ్గు కోసం కట్టిన చిన్న గూడు అది. గది నిండా పొగ, అలారం మోత. 1893లో అలారం లేదు. అందుకే వాళ్ళకి ఇబ్బంది లేదు.

చివరికి ఒక ఎలక్ట్రిక్ హీటర్ తెచ్చాను. లోపల ప్లాస్టిక్ కట్టెలు, వాటి వెనక ఎర్ర లైటు, మంట ఆడుతున్నట్టు ఒక రేకు తిరుగుతుంది. ఫైర్‌ప్లేస్ గూట్లో సరిగ్గా పట్టింది. ఇది తీర్మానాన్ని తప్పడం కాదు. గూట్లో నిప్పు ఉండటం మేనేజరు కాలం నాటి దృశ్యమే. అదీగాక పాలరాయి లాంటి పలక కింద కట్టెల్లాంటి ప్లాస్టిక్ ఉంటే ఒకదానికొకటి సరిపోతాయి.

వీరభద్రం ములక్కాడల పులుసు తెచ్చిచ్చాడు. సుందరి పంపిందట. హీటర్ ముందు చేతులు కాచుకుంటూ, "మంచిగుంది. ఇది అప్పటిదేనా?" అని అడిగాడు.

సాయంత్రం సుందరి ఫోన్. "మీ ఒక్కరికీ హీటర్ కొనుక్కున్నారటగా."

తిరిగి రమ్మందామనుకున్నాను. పులుసులో ఉప్పు సరిపోయిందని చెప్పాను.

జనవరి 1, గురువారం

అందరూ ఇవాళ తీర్మానాలు రాస్తారు. నాది పాతదే అమల్లో ఉంది. స్థూలంగా.

ఈ మధ్య రాయలేదు. సిరా గడ్డకట్టింది అని రాద్దామనుకున్నాను, కానీ ఇది బాల్‌పాయింట్ పెన్ను.

టీవీ మీద దుప్పటి నేను కప్పుకున్నాను. మైక్రోవేవ్ పైకి వచ్చింది. అది వెనకే ఉంటుంది, కనపడదు.

జనవరి 24, శనివారం

వంటింట్లో నీళ్ళు ఆగిపోయాయి. గులాబీ దూది పీకిన గోడలోంచే పైపులు వెళ్తాయట. మైనస్ ఇరవై తొమ్మిదికి గడ్డకట్టి ఒకటి చీలింది. నీళ్ళు మొత్తం కట్టేయాల్సొచ్చింది. పైన బాత్రూంలో కూడా నీళ్ళు లేవు.

కొంతసేపు ఓర్చుకున్నాను. తర్వాత మంచులో అడ్డం పడి హెలెన్ ఇంటి తలుపు కొట్టాను. అధ్యక్షురాలి ఇంట్లోకి వెళ్ళడం ఇదే మొదటిసారి. విషయం ఎలా చెప్పాలో తెలియక ఆగితే, ఆవిడే నా మొహం చూసి, "కుడి పక్కన" అని దారి చూపించింది.

కుడి పక్కన, మాకు సామాను గది ఉన్న చోటే, ఆవిడకి బాత్రూం ఉంది. అడుగు పెట్టగానే పాదాలకి వెచ్చదనం. నేల కింద వేడి తీగలు. కూర్చుని స్నానం చేయడానికి తెల్లటి ప్లాస్టిక్ స్టూలు. గోడకి పట్టుకునే కడ్డీలు. కిటికీకి రెండు పొరల అద్దం, వినైల్ అనే ప్లాస్టిక్ చట్రం. నేనక్కడ అవసరానికంటే ఎక్కువసేపే ఉన్నాను.

బయటికొచ్చి వంటిల్లు చూశాను. అంతా కొత్తది. గోడల్లో దూది ఉందని తట్టి చూస్తే తెలుస్తుంది.

"హెలెన్, మీరు సంఘం అధ్యక్షురాలు" అన్నాను.

"అవును. బయట ఇటుక ఊరి కోసం" అంది టీ పోస్తూ. "లోపల నాకోసం. కట్టినవాళ్ళు కూడా అలాగే కట్టుకున్నారు కదా. మీకు తెలియదా? నేను ఈ వయసులో మెట్లెక్కి ఎముక విరగ్గొట్టుకుంటే ఈ ఇటుకలు వచ్చి లేపుతాయా?"

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు. మీరు చెబుతూ ఉన్నారు."

టీ వేడిగా ఉంది.

ఫిబ్రవరి 5, గురువారం

సుందరి మోకాలు ఆపరేషన్. సజావుగా జరిగింది. ధరణి హాలిఫాక్స్ నుంచి వచ్చింది. నాతో పొడిపొడిగా మాట్లాడింది. కాఫీ మాత్రం తెచ్చిచ్చింది.

ఫిబ్రవరి 9, సోమవారం

సుందరి వీరభద్రం వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే ఉంది. రోజూ వెళ్తున్నాను. ఇవాళ వాకర్ పట్టుకుని కారిడార్లో నడిచింది. పక్కన నేను. కింద ప్లాస్టిక్ తివాచీ, గోడ పొడుగునా కడ్డీ, ట్యూబ్‌లైట్లు. మూడు నెలల క్రితమైతే ఈ కారిడార్ గురించి అరగంట తిట్టేవాణ్ని. ఇవాళ ఎక్కడా మెట్టు లేదు కదా అని చూసుకుంటూ నడిచాను.

"ఇంటికి ఎప్పుడొస్తావు?" అని అడిగాను.

"ఎక్కడికి? మెట్ల మీదికా?"

కోపంగా అనలేదు. నొప్పికి ఆగి, గోడకి ఆనుకుని, ఊపిరి తీసుకుంది. ఆ నిలబడటం నాకు తెలుసు. మెట్ల మలుపు దగ్గర అలాగే నిలబడేది. రంగుటద్దాలు చూస్తోందనుకున్నాను.

ఆమె వెనక చెయ్యి పెట్టి పట్టుకున్నాను. "పట్టుకోకండి, నన్నే నడవమన్నారు" అంది. చెయ్యి తీయలేదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

సామాను గది అలమరలు విప్పాను. ఒక్కటీ విరగలేదు. ఇవి అసలు 1893 నాటివే, నిజం చెక్క, ఇంట్లో నకిలీ కానివి ఇవే. బేస్‌మెంట్‌లో పెట్టాను.

జనవరిలో చీలిన పైపు బాగుచేసిన ప్లంబరే వచ్చాడు. పైపులన్నీ ప్లాస్టిక్. ఏమీ అనలేదు. పైన ట్యాంకు, గొలుసు లాగితే నీళ్ళొచ్చే పాతకాలం కమోడ్ ఒకటి దొరుకుతుందా అని మాత్రం అడిగాను. "మోకాలు ఆపరేషన్ అయినావిడకి గొలుసా?" అన్నాడు. వద్దన్నాను.

కిటికీల సందుల్లో స్పాంజి మళ్ళీ కూరుతున్నాను. వంటింటి గోడకి గులాబీ దూది. వెనక్కి నడిచినట్టుంది. వెచ్చగా ఉంది.

మార్చి 14, శనివారం

సుందరి వచ్చింది. ముందు తలుపు గుండా, చేతికర్రతో, ఎవరి సాయం లేకుండా. నేరుగా కొత్త బాత్రూంలోకి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు. కంగారుపడి తట్టాను.

"ఏం కాలేదు. నేల వెచ్చగా ఉందండీ. కాసేపు ఉండనివ్వండి" అంది.

ఏప్రిల్ 18, శనివారం

దుప్పట్లు కప్పి కాపాడిన సున్నం వేలితో గీస్తే అటుకుల్లా రాలిపోయింది. అంత కప్పినా చలికి గడ్డకట్టింది. జూన్లో మళ్ళీ నింపాలి. హెలెన్ కంచె అవతల నుంచి చూసింది, ఏమీ అనలేదు. ఆవిడ మంచితనం ఒక్కోసారి భరించలేం.

తలుపుల పని ఇద్దరం మొదలుపెట్టాం. అడుగున లేత రంగు, దాని మీద ముదురు రంగు, తడి ఆరకముందే ఉక్కు దువ్వెనతో గీతలు. నకిలీ ఓక్. అసలు పైన్ మీద. అసలు రూపం రావాలంటే ఇదొక్కటే మార్గం. సుందరి నిలబడలేదు కాబట్టి కుర్చీ వేసుకుని కింది భాగం తీసుకుంది. పై భాగం నాది.

ఆమె మూడు సార్లు చెక్క ముక్క మీద సాధన చేసి, ఆ తర్వాతే తలుపు మీద చెయ్యి వేసింది. నేను నేరుగా మొదలుపెట్టాను. కింద ఓక్ వచ్చింది. పైన చారల పులి వచ్చింది.

"చెరిపి మళ్ళీ వేయనా?" అన్నాను.

"ఉండనివ్వండి. తడి ఆరిపోయింది. పైకి ఎవరు చూస్తారు?"

మే 30, శనివారం, ఇళ్ళు చూపించే రోజు

పొద్దున్నించీ జనం. నేను కోటు వేసుకుని ముందు గదిలో నిలబడ్డాను. సుందరి జారుడు తలుపు పక్కన కుర్చీలో. హీటర్ తీసి అవతల పెట్టాను, ఆ తర్వాత ముసలాయన ఒకాయన చలేస్తోందంటే మళ్ళీ పెట్టాను.

టొరంటో నుంచి ఒక ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ వచ్చాడు. తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి టార్చి తీశాడు. చుట్టూ జనం మూగారు.

"చూడండి. ఈ కింది భాగం అసలైన పని. 1890ల నాటి చెయ్యి. ఈ నిలకడ ఇవాళ ఎవరికీ రాదు." టార్చి పైకి ఎత్తి, నిట్టూర్చాడు. "పైన మాత్రం తర్వాత ఎవరో చేతకానివాడు మరమ్మతు చేశాడు. బహుశా డెబ్బైల్లో."

నేను నోరు తెరిచాను. హెలెన్ వెనక నుంచి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

సుందరి కుర్చీలోంచి వినయంగా, "ఐ యామ్ ఓన్లీ సిక్స్‌టీ ఫోర్" అంది.

ప్రొఫెసర్ అభినందనగా తలూపి ముందుకు సాగాడు.

మధ్యాహ్నానికి ఇంట్లో ఒక పొడుగాటి వరస ఏర్పడింది. హాల్లోంచి భోజనాల గది దాటి వంటింటి దాకా. ఏ గది కోసమా అని పొంగిపోతూ వెళ్ళి చూశాను. బాత్రూం కోసం. వచ్చినవాళ్ళలో సగానికి పైగా డెబ్బై దాటినవాళ్ళు. పొద్దున్నించీ ఒక్కొక్క ఇల్లూ చూస్తూ వచ్చారు, ఏ ఇంట్లోనూ కింద బాత్రూం చూపించలేదట. బయటికొచ్చిన ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, ఊళ్ళో ఇంత బాగా ఆలోచించి బాగుచేసిన ఇల్లు ఇదొక్కటే అంది.

"మా ఆవిడ ఆలోచన" అన్నాను.

సుందరి విన్నదో లేదో తెలియదు. వరసలో ముందు ఎవరిని పంపాలో చేతికర్రతో చూపిస్తోంది.

మే 31, ఆదివారం

ఇల్లు మళ్ళీ మాది. వంటింట్లో కూర్చున్నాం. ఇక్కడే వెచ్చగా ఉంటుంది, ఈ మధ్య ఇక్కడే కూర్చుంటున్నాను.

నిన్న హెలెన్ వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది. కప్పు అంచున ఉన్న లేసు చెక్క మీది తెల్ల రంగు అసలుది కాదట. గీకితే అడుగున ముదురెరుపు, ఆవపిండి రంగు ఉండొచ్చట. విన్నప్పటి నుంచీ మనసు మనసులో లేదు. డైరీ తీసి రాయడం మొదలుపెట్టాను.

తీర్మానం: రేపు సోమవారం. రేపటి నుంచి ఈ ఇంట్లో నకిలీ వస్తువు ఏదీ ఉండకూడదు.

సుందరి భుజం మీదుగా చదివింది.

"నా మోకాలు స్టీలూ ప్లాస్టిక్కూ కదండీ. దాన్నెక్కడ పెడదాం, బేస్‌మెంట్‌లోనా?"

పెన్ను ఆగిపోయింది. ఆమె నవ్వడం లేదు, కోపంగానూ లేదు. జవాబు కోసం చూస్తోంది.

'సుందరి మోకాలు తప్ప' అని రాశాను.

"బాత్రూం?"

అదీ రాశాను.

"మిక్సీ, మైక్రోవేవ్. కిటికీల స్పాంజి. ఈ గోడలో దూది."

రాశాను.

"తలుపు కింది భాగం నాది. దాని జోలికి రాకండి."

"పై భాగమో?"

కొంచెం ఆలోచించింది. "అదీ ఉండనివ్వండి. అలవాటైపోయింది."

రాసి చూస్తే, తీర్మానంలో ఇక మిగిలింది కప్పు అంచున ఉన్న చెక్క ఒక్కటే. అది చాలు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.

"నిచ్చెన ఎవరు పట్టుకుంటారు?" అని అడిగింది సుందరి.

ఆ సంగతి నేను ఆలోచించలేదు.

"కుర్చీ బయట వేయండి. కూర్చుని పట్టుకుంటాను" అంది.